ఒకే ఫ్యాను, నాలుగు బిల్లులు

మార్చి వస్తే చాలు, పేపర్లలో, యూట్యూబులో ఒకటే పాట. పాత ఫ్యాను తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించండి, ఏసీ కొంటే ఫైవ్‌స్టారే కొనండి, డాబా మీద తెల్లరంగు వేయించండి, కరెంటు బిల్లు సగానికి దిగుతుంది. ఈ సలహాలు తప్పని అనను. కానీ దిగేది ఎవరి బిల్లో ఎవరూ చెప్పరు. నెలకు 70 యూనిట్లు కాల్చే ఇల్లు, జీరో బిల్లు వచ్చే ఇల్లు, ఓనరు బిగించిన సబ్‌మీటరు మీద బతికే అద్దె వాటా, 500 యూనిట్లు దాటే అపార్ట్‌మెంటు – నాలుగింటికీ ఒకే సలహా ఇచ్చేస్తున్నాం. లెక్క వేసి చూస్తే ఆ సలహా విలువ ఒక్కో ఇంట్లో ఒక్కోలా తేలుతుంది, ఒక ఇంట్లో సున్నా అవుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పొదుపును యూనిట్లలో మాత్రమే కొలిచి, షాపుకెళ్లి కొనుక్కున్నవాళ్లకు రాయితీ ఇచ్చే పద్ధతి నడిచినంతకాలం లాభం పై స్లాబుల వాళ్లకే పోతుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి రాయితీ కూపన్లతో పని జరగదు. వస్తువు ఇంటికి తెచ్చి, బిగించి, పాడైతే బాగుచేసే ఏర్పాటు కావాలి. అదీ చాలా ఇళ్లలో ఫ్యానుకన్నా ముందు పైకప్పుతో మొదలుకావాలి.

లెక్క

మామూలు సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. తేడా 45 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. బీఎల్‌డీసీ ఫ్యాను ధర 2,800 రూపాయలనుకుందాం, మామూలుది 1,500. ఏటా తొమ్మిది నెలలు గట్టిగా వాడతారనుకుందాం. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు పక్కన పెట్టి ఎనర్జీ ఛార్జీలే చూస్తున్నాను.

మొదట ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 70 యూనిట్లు కాల్చే ఇల్లు. అక్కడ 31 నుంచి 75 యూనిట్ల దాకా యూనిట్ 3 రూపాయలు. 20 యూనిట్లు తగ్గితే మిగిలేది 60 రూపాయలు, ఏడాదికి 540. తిరుగుతున్న పాత ఫ్యాను తీసి కొత్తది పెట్టాలంటే 2,800 మొత్తం పెట్టాల్సిందే కాబట్టి డబ్బు తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. చాలా ఫ్యాన్లకు వారంటీ అంతకన్నా ముందే అయిపోతుంది.

రెండోది హైదరాబాదులో 500 యూనిట్ల ఇల్లు. 401 దాటాక యూనిట్ 9.50. అదే ఫ్యాను నెలకు 190 రూపాయలు మిగులుస్తుంది, ఏడాదికి 1,710. రెండేళ్లు తిరక్కముందే ఫ్యాను ధర మొత్తం వచ్చేస్తుంది. ఆ ఇంట్లో ఫ్యాన్లు ఐదారుంటాయి, కొనడానికి చేతిలో డబ్బూ ఉంటుంది.

మూడోది తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇల్లు, నెలకు 140 యూనిట్లు. ఇక్కడ ఫ్యాను మార్చినందువల్ల ఇంటివాళ్లకు మిగిలేది సున్నా. 2,800 పెట్టమని వాళ్లకు చెప్పడం అన్యాయం.

నాలుగోది సబ్‌మీటరు ఇల్లు. అక్కడ ఓనరు యూనిట్‌కు 8 రూపాయలు వసూలు చేస్తే ఫ్యాను నెలకు 160 మిగులుస్తుంది. అంటే నలుగురిలో కష్టానికి తగ్గ ఫలితం కనిపించే పేద ఇల్లు ఇదొక్కటే. కానీ ఆ కప్పుకు వేలాడే ఫ్యాను ఓనరుది. అద్దెకున్నవాళ్లు దాన్ని దించి సొంత ఫ్యాను బిగించుకుని, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ పాతది ఎక్కించి వెళ్లాలి. రెండుసార్లూ ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చేది వాళ్లే.

నిజానికి కింది ఇంటికి ఒక్క యూనిట్ విలువ రూపాయల్లో తక్కువే గానీ వాటాలో ఎక్కువ. 70 యూనిట్లలో 20 పోవడమంటే వాడకంలో మూడో వంతుకు దగ్గర. 500లో 20 నాలుగు శాతం. స్లాబు ధర ఈ నిజాన్ని కప్పేస్తోంది. తక్కువ ధరకు కరెంటు ఇవ్వడం సరైన పనే. దానివల్ల పొదుపు పెట్టుబడికి ఫలితం దొరకని ఇల్లు ఒకటి తయారైందన్నదీ ఒప్పుకోవాలి.

200 దగ్గర గీత

తెలంగాణలో ఇంటి స్లాబులు ఒకదాని మీద ఒకటి మెల్లగా పేరుకునేవి కావు. 200 యూనిట్లు కాలిస్తే మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున 820 రూపాయలు. 201 అయితే మొదటి 200 యూనిట్ల ధరే 5.10కి మారిపోయి బిల్లు 1,027.70కి చేరుతుంది. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలకు పైగా తేడా. 2024 మార్చి నుంచి జీరో బిల్లులు వచ్చాక ఆ గీత ఇంకా పదునెక్కింది. 200 లోపు సున్నా, దాటితే మొత్తం బిల్లు. అంటే 201వ యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే.

అందువల్ల జీరో బిల్లు ఇళ్లన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. ఏడాదంతా 120 దగ్గర ఉండే ఇంటికి ఫ్యాను మార్పు విలువ సున్నా. ఏప్రిల్, మే నెలల్లో కూలరు తిరిగి 220కి వెళ్లే ఇంటికి అదే ఫ్యాను ఆ నెలల్లో 1,174 రూపాయల బిల్లును సున్నాకు దించగలదు. రెండు నెలలు అలా తప్పించుకుంటే ఫ్యాను ఖర్చు దాదాపు వచ్చేసినట్టే. తక్కువ ఆదాయపు ఇళ్లలో ఎవరికైనా సొంత డబ్బు పెట్టి ఫ్యాను మార్చమని ధైర్యంగా చెప్పగలిగేది వీళ్లకే.

ఇలాంటి ఇంటివాళ్లు ముందు చూడాల్సింది బిల్లు మీద ఉండే రెండు తేదీలు. గత నెల రీడింగు ఏ రోజు తీశారు, ఈ నెల ఏ రోజు తీశారు. రోజుకు ఆరేడు యూనిట్లు కాల్చే ఇంటికి రీడింగు మూడు రోజులు ఆలస్యమైతే మీటరు మీద 20 యూనిట్లు అదనంగా కనిపిస్తాయి. ఎక్కువ రోజుల వాడకాన్ని ఒక నెల కింద లెక్కగట్టి 200 దాటించారని అనిపిస్తే రెండు బిల్లులూ పట్టుకుని కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసుకు వెళ్లి అడగాలి. ఏ పరికరమూ కొనకుండా తేలే పని ఇది.

తర్వాత చూడాల్సింది ఫ్రిజ్జు. తక్కువ ఆదాయపు ఇళ్లలో ఫ్రిజ్జు తరచూ సెకండ్‌హ్యాండ్‌ది. కొత్త సింగిల్ డోరు ఫ్రిజ్జు రోజుకు అర యూనిట్ చుట్టుపక్కల తీసుకుంటే, పదిహేనేళ్ల నాటి పెద్ద ఫ్రిజ్జు, అందులోనూ తలుపు రబ్బరు వదులైనది, యూనిట్టున్నర సులువుగా తాగుతుంది. నెలకు 30 యూనిట్ల తేడా. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే తేలిగ్గా జారి వచ్చిందంటే రబ్బరు పోయినట్టే. రబ్బరు మార్పించడం ఫ్యాను కొనడంకన్నా చవక. వెనక జాలీకి పట్టిన దుమ్ము దులపడం, గోడకు జానెడు దూరం జరపడం ఉచితం. కానీ పది అడుగుల గదిలో ఆ జానెడు కూడా దొరకని ఇళ్లున్నాయి. పొయ్యి పక్కనే ఫ్రిజ్జు పెట్టుకోక తప్పని వంటిళ్లు ఉన్నాయి. పొదుపు చిట్కాలు రాసేవాళ్లు ఆ ఇంటి కొలతలు ఒకసారి మనసులో పెట్టుకోవాలి.

ఒకే మీటరు కింద నాలుగు కుటుంబాలు

నగరంలో పేదల కరెంటు ఖర్చును నిర్ణయించేది చాలాసార్లు పరికరం కాదు, మీటరు. ఒకే సర్వీసు కింద ఓనరు కుటుంబం, మూడు వాటాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో కుటుంబం నెలకు 90 యూనిట్లు. విడివిడి మీటర్లుంటే, నెలకు వంద దాటని ఇళ్లకు ధర ఇంకా తక్కువ కాబట్టి, ఒక్కొక్కరికి 221.50, నలుగురికీ కలిపి 886 రూపాయలు. అర్హత ఉన్నవాళ్లకు అదీ సున్నా. ఒకే మీటరు కాబట్టి 360 యూనిట్ల బిల్లు 2,330. ఎవరూ ఎక్కువ కాల్చలేదు, ఎవరింట్లోనూ ఏసీ లేదు. అయినా ధర సంపన్నుల స్లాబుది పడింది. ఓనరు సబ్‌మీటరు మీద యూనిట్‌కు 8 చొప్పున తీసుకుంటే ఆ 90 యూనిట్ల కుటుంబం 720 కడుతోంది.

ఇలాంటి చోట ఎన్ని బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టినా విడి మీటరు తెచ్చినంత లాభం తేవు. విడి సర్వీసుకు ఓనరు ఒప్పుకోవాలి, వైరింగు వేరుచేయాలి, డిపాజిట్ కట్టాలి. ఓనరుకు ఇందులో వచ్చేదేమీ లేదు. కొందరికి సబ్‌మీటరు మీద కాస్త మిగలడమూ ఉంది. ఇంధన పొదుపు మీద మాట్లాడేవాళ్లు మీటరు సంగతిని రెవెన్యూ వ్యవహారమని వదిలేస్తుంటారు. నాకు మాత్రం తక్కువ ఆదాయపు అద్దె ఇళ్లలో మొదటి పని ఇదే అనిపిస్తుంది.

యూనిట్లలో కనిపించని లాభం

ఇప్పటిదాకా చెప్పిందంతా డబ్బు. పేద ఇంట్లో అసలు లాభం డబ్బుగా రాదు, చల్లదనంగా వస్తుంది.

సిమెంటు రేకుల గది మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో లెక్కలో చూడండి. ఎండకు రేకు 60 డిగ్రీలు దాటి కాలుతుంది. గదిలో గాలి నలభైకి చేరుతుంది. మన చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకన్నా వేడి గాలిని ఫ్యాను ఎంత జోరుగా కొట్టినా చెమట ఆరడం వల్ల వచ్చే ఉపశమనం తప్ప చల్లబరిచేది ఏమీ లేదు. పైగా కప్పు కింద పేరుకున్న వేడినంతా కిందికి తోస్తుంది. అలాంటి గదిలో 75 వాట్ల ఫ్యాను తీసి 30 వాట్లది పెడితే మీటరుకు ఊరట, మనిషికి కాదు. పైకప్పును చల్లబరిస్తే ఆ తర్వాతే ఫ్యానుకు పని దొరుకుతుంది.

2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. పొర లేని అలాంటి ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలు కాగితం మీద చిన్న అంకె. నలభైలో ఉన్న గదికి అది చిన్నది కాదు. మరి ఈ ఇళ్లలో ఎన్ని యూనిట్లు తగ్గినట్టు? దాదాపు ఏమీ తగ్గవు. ఫ్యాను అంతకుముందూ తిరిగింది, ఇప్పుడూ తిరుగుతుంది. అదే పొర పై అంతస్తులో రెండు ఏసీలున్న ఇంటి డాబా మీద పరిస్తే ఏసీలు తక్కువసేపు నడుస్తాయి, యూనిట్లు స్పష్టంగా తగ్గుతాయి. పథకాన్ని యూనిట్ల లెక్కన బేరీజు వేసే అధికారి ముందు ఈ రెండు దరఖాస్తులూ పెడితే నెగ్గేది ఏసీల ఇల్లే. ముందునుంచీ కరెంటు వాడలేకపోయిన ఇంట్లో తగ్గించడానికి యూనిట్లు ఎక్కడుంటాయి?

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం మంచిది. 2028 నాటికి రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లలో 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, చిన్నవాటికి ఐచ్ఛికం. నిబంధన రాసే కోణంలో ఇది అర్థమయ్యేదే. పేదవాడి నెత్తిన కొత్త ఖర్చు రుద్దకూడదనుకున్నారు. కానీ అరవై గజాల్లో రేకులు వేసుకున్న ఇంటికి ఐచ్ఛికం అంటే ఆచరణలో అది జరగదనే అర్థం. వేడి ఎక్కువ అక్కడే. తప్పనిసరి చేయడం కుదరని చోట ప్రభుత్వమే ఆ పని చేసిపెట్టాలి.

పని ఎలా జరగాలో, ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. కాంక్రీటు డాబాకైతే సున్నం చాలు. పది కిలోల కాల్చిన సున్నపు గడ్డల్ని ముందురోజే ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి నానబెడితే ఉడికి చల్లారుతుంది. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మర్నాడు పలుచగా కలిపి వడగట్టి, అర కిలో జిగురు వేసి, నిలువుగా ఒకటి, ఆరాక అడ్డంగా ఒకటి, మళ్లీ నిలువుగా ఒకటి – మూడు పూతలు. వేసేముందు డాబాను చీపురుతో ఊడ్చి వదిలేస్తే సరిపోదు. నాచు, పాత పెచ్చులు గీకి కడగాలి. పూత లేచిపోయిందని వచ్చే ఫిర్యాదులకు మూలం చాలావరకు ఇక్కడే ఉంటుంది. చదరపు అడుగుకు కూలీతో కలిపి సుమారు నాలుగైదు రూపాయలు. ఒక వానాకాలానికి కరిగిపోతుంది, ఏటా వేయాలి. కూల్ రూఫ్ రంగులు చదరపు అడుగుకు సుమారు ఇరవై, పాతిక పడతాయి, నాలుగైదేళ్లు ఉంటాయి. కానీ దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. ఏటా వేసవికి ముందు ఒకసారి కడగకపోతే సగం గుణం పోయినట్టే.

రేకుల కప్పు వేరే సంగతి. పాత సిమెంటు రేకుల మీద మనిషి నేరుగా కాలు పెట్టకూడదు. విరిగి కింద పడి ప్రాణాలు పోయే పని అది. దూలాల మీదుగా వచ్చేలా పలక వేసి దాని మీద కూర్చుని పని చేయాలి. పొడి రేకును తీగ బ్రష్షుతో గీకకూడదు, ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు విషం. తడిపి, మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతోనే రుద్దాలి. ఇనప రేకు మీద సున్నం పట్టదు, ముందు ప్రైమరు, తర్వాత రంగు. కాబట్టి డబ్బా రంగు ఉచితంగా ఇచ్చి మీరే వేసుకోండి అంటే పథకం పూర్తికాదు. పలకలు, తాడు, తెలిసిన మనుషులు ఉన్న బృందం ఇంటికి రావాలి.

ఫైవ్‌స్టారు సలహా ఎవరికి

మధ్యతరగతిని కూడా ఈ సలహాలు ఒకే రకంగా ఆదుకోవు. ఏసీ మీద అతికించిన వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినవి. టన్నున్నర ఏసీలో త్రీస్టారుకు, ఫైవ్‌స్టారుకు తేడా ఏడాదికి 240 యూనిట్లనుకుందాం, ధరలో తేడా 8,000. నిజంగా 1,600 గంటలు వాడి 9.50 స్లాబులో ఉన్న ఇంటికి ఏటా 2,280 మిగిలి, మూడున్నరేళ్లలో తేడా తీరిపోతుంది. వేసవిలో అరవై రాత్రులు, రాత్రికి ఆరు గంటలు మాత్రమే వేసుకునే ఇల్లు వాడేది 360 గంటలు. మిగిలేది 54 యూనిట్లు, 7.70 చొప్పున 416 రూపాయలు. 8,000 తిరిగి రావడానికి పంతొమ్మిదేళ్లు. అంతకాలం ఏసీయే ఉండదు. ఆ ఇంటివాళ్లు పై అంతస్తులో ఉంటే అదే 8,000 డాబా మీద పెట్టడం మేలు. ఏసీ ఆపేసిన పగటి గంటల్లో కూడా అది పనిచేస్తుంది.

ఇంకొకటి, పై ఇల్లు కొత్త ఏసీ కొన్నప్పుడు పాతది చెత్తలోకి పోదు. ఎక్స్‌ఛేంజిలో షాపుకెళ్లి, అక్కడినుంచి సెకండ్‌హ్యాండ్ దుకాణానికి, అక్కడినుంచి పెంట్‌హౌస్ గదికి చేరుతుంది. ఫ్రిజ్జుదీ అదే దారి. పైన కనిపించిన పొదుపులో కొంత కింది ఇంటి మీటరు మీద ఖర్చుగా తేలుతోంది. ఏ పథకమైనా పాత పరికరాన్ని వెనక్కి తీసుకుని పగలగొట్టకపోతే ఆ పొదుపు లెక్క పూర్తికానట్టే.

కాదనేవాళ్ల మాట

ఎక్కువ కాల్చేది ధనవంతుల ఇళ్లు కదా, బొగ్గు తగ్గాలన్నా, సాయంత్రం లోడు తగ్గాలన్నా డబ్బు అక్కడే పెట్టాలి కదా అని వాదించేవాళ్లున్నారు. మొదటి సగంతో నాకు పేచీ లేదు. ఎక్కువ పొదుపు అక్కడే ఉంది. కానీ ఆ ఇంటికి ఫలితం బిల్లులోనే కనిపిస్తుంది, పెట్టుబడి చేతిలో ఉంది. వాళ్లకు కావలసింది నిబంధన. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబులు తప్పనిసరి చేసినట్టు, కొత్త ఇళ్ల గోడలకూ కప్పులకూ ఎకో నివాస్ సంహితను, అంటే ఇళ్లలో ఇంధనం ఆదా అయ్యేలా కట్టాలని చెప్పే నిబంధనావళిని, గట్టిగా అమలుచేస్తే వాళ్లే సర్దుకుంటారు. ప్రజాధనం నిబంధన చేరలేని ఇంటికి వెళ్లాలి.

ఇంకో వాదన: కరెంటు ఉచితంగా ఇవ్వబట్టే పొదుపు చేయడం లేదు, ఉచితం ఎత్తేస్తే అందరూ ఫ్యాన్లు మారుస్తారు. ఇది నాకు సమ్మతం కాదు. గృహజ్యోతి రాకముందు 140 యూనిట్ల ఇల్లు 532 రూపాయలు కట్టింది. అప్పుడూ ఫ్యాన్లు మార్చలేదు. ధర చూపితే చాలదు, ఒకేసారి 2,800 తీసి పెట్టగలగాలి. నెలకు పదిహేను వేలతో నడిచే ఇంట్లో ఆ మొత్తం స్కూలు ఫీజుతో, మందులతో పోటీపడుతుంది.

కొంచెం తటపటాయించాల్సిన అభ్యంతరం ఒకటుంది. కరెంటు తక్కువ తీసుకునే ఫ్యాను ఇస్తే ఇంకో గదిలో ఇంకో ఫ్యాను పెట్టుకుంటారు, రోజంతా తిప్పుతారు, పొదుపు ఎగిరిపోతుంది అంటారు. కొంతవరకు నిజమే, అలా జరుగుతుంది. అయితే ఒకే ఫ్యాను కింద ఐదుగురు పడుకునే ఇంట్లో రెండో ఫ్యాను తిరగడాన్ని నష్టం ఖాతాలో రాయడం సరికాదు. ఆ ఇంటికి ఇంతకాలం అందనిది ఇప్పుడు అందింది. లెక్క రాసేటప్పుడు దాన్ని లాభంగా రాయాలి.

ప్రభుత్వానికే గిట్టుబాటు

140 యూనిట్ల జీరో బిల్లు ఇంటికి తిరిగొద్దాం. అక్కడ రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 40 యూనిట్లు తగ్గి 100కి వస్తుంది. ఇంటివాళ్లకు మిగిలేదేమీ లేదు. కానీ ఆ బిల్లు ప్రభుత్వం కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కంకు) కడుతోంది. 532 కట్టాల్సిన చోట 252.50 అవుతుంది. నెలకు 279.50, తొమ్మిది నెలలకు 2,515 రూపాయలు. రెండు ఫ్యాన్లకు 5,600 పెట్టినా రెండేళ్ల మూడు నెలల్లో తిరిగొస్తుంది. ఇక్కడ వంద యూనిట్ల గీత కలిసొచ్చింది కాబట్టి లెక్క అందంగా ఉంది. 180 యూనిట్ల ఇంట్లో ఆ గీత దాటడం ఉండదు, 40 యూనిట్లకు 192 రూపాయలే మిగులుతాయి, మూడేళ్లు దాటుతుంది. పెద్ద మొత్తంలో కొంటే ధర తగ్గుతుంది కాబట్టి అదీ భరించగలిగినదే. పొదుపు ఎవరి ఖాతాలో పడుతోందో పెట్టుబడి వాళ్లే పెట్టాలి. ఈ ఇళ్లలో అది ప్రభుత్వం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఇస్తున్న ఉచిత కరెంటుకూ ఇదే తర్కం వర్తిస్తుంది.

బల్బుల విషయంలో ఇలా చేసి చూపించిన అనుభవం మనదే. 2014 చివర్లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బు తెచ్చిచ్చిన ఇంటికి పది రూపాయల చొప్పున రెండు ఎల్‌ఈడీలు ఇచ్చారు. తర్వాత దేశమంతటికీ చవక ఎల్‌ఈడీల పథకం ఉజాలా వచ్చింది. 2014లో 310 రూపాయలున్న ఎల్‌ఈడీ సేకరణ ధర 2016కల్లా 38కి పడింది. ఆ నాలుగు జిల్లాల పథకం పేద ఇంటి దాకా ఎందుకు వెళ్లిందంటే బల్బుకు ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు, హోల్డరు మారదు, ధర పది రూపాయలు, పాతది వెనక్కి తీసుకున్నారు. ఫ్యానుకు ఇందులో ఏదీ తనంతట తాను కుదరదు. అందుకే బల్బు పద్ధతినే ఫ్యానుకు నకలు కొడితే దెబ్బతింటాం.

ఫ్యాను దగ్గర ఏం చెడుతుందో వీధిలో ఎలక్ట్రీషియన్‌కు తెలుసు. పాత రెగ్యులేటరు గుండా కనెక్షన్ ఇస్తే బీఎల్‌డీసీ ఫ్యాను వణుకుతుంది, కొన్నాళ్లకు బోర్డు కాలుతుంది. రెగ్యులేటరును లైన్లోంచి తీసేయాలి. రిమోటు పోతే స్పీడు మార్చుకోలేరు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో రిమోటు నెలలోపే మాయమవుతుంది కాబట్టి స్విచ్చు వేసి ఆర్పితే స్పీడు మారే రకమో, గోడ మీదే తిప్పే రకమో తీసుకోవాలి. పిడుగులకు, వోల్టేజి ఎగుడుదిగుళ్లకు బోర్డు పోతుంది. పాత ఫ్యాను నెమ్మదిస్తే యాభై, వంద రూపాయల్లో కండెన్సరు మార్చేవారు, కాలితే వైండింగు కట్టేవారు ఊళ్లోనే దొరుకుతారు. బోర్డు పోయిన బీఎల్‌డీసీని మాత్రం కంపెనీ సర్వీసు సెంటరున్న పట్నానికి మోసుకెళ్లాలి. ఒక రోజు కూలి, బస్సు చార్జీ కలిపితే ఆ ఏడాది మిగిలిన 540 అందులోనే పోతుంది. టెండరులో ఐదేళ్ల వారంటీ రాయడంతో సరిపెట్టకుండా, ప్రతి మండల కేంద్రంలో విడి బోర్డులు నిల్వ ఉంచి అక్కడే మార్చి ఇవ్వాలని రాయాలి. ఆ ఊరి వైండింగు మెకానిక్కులకే శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగిస్తే వాళ్ల ఉపాధీ నిలుస్తుంది.

యూనిట్లలో లెక్కకు రాని మంచి గుణం ఒకటి బీఎల్‌డీసీకి ఉంది. లైను చివరి ఊళ్లలో సాయంత్రం వోల్టేజి 170కి పడినప్పుడు మామూలు ఫ్యాను ఈగలు తోలడానికి కూడా పనికిరాదు. బీఎల్‌డీసీ అప్పుడూ దాదాపు అదే వేగంతో తిరుగుతుంది. చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇంటికి ఈ ఫ్యాను ఇవ్వడానికి ఈ ఒక్క కారణం చాలు. అయినా ఇప్పటి లెక్కల్లో దానికి ఒక్క మార్కు కూడా పడదు.

వరస కూడా ఇంటిని బట్టి మారాలి. రేకుల ఇంటికి మొదట కప్పు, తర్వాత ఫ్యాను. కాంక్రీటు డాబా కింద పై అంతస్తులో ఉన్నవాళ్లకు రెండూ ఒకేసారి. కింది అంతస్తు వాటాలకు ఫ్యాను, విడి మీటరు. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో కూలరు వాడే ఇళ్లకు పంపు, గడ్డి మార్చుకునే చిన్న సాయం బాగా పనిచేస్తుంది. విజయవాడ, కాకినాడ ఉక్కపోతలో కూలరు మీద పెట్టిన డబ్బు వృథా, అక్కడ గాలి ఆడే కిటికీ, వేగం తగ్గని ఫ్యానే దిక్కు. కప్పుల పని ఫిబ్రవరి రెండో వారానికి మొదలై మార్చి చివరికి అయిపోవాలి. బడ్జెట్ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుందని నిధులు మే నెలలో విడుదల చేస్తే, టెండరు పిలిచి రంగు తెచ్చేసరికి తొలకరి పడుతుంది, తడి కప్పు మీద పూత నిలవదు. ముందు ఏడాది బడ్జెట్‌లోనే ఈ పద్దు పెట్టి, సంక్రాంతి లోపు ఏ బస్తీలో ఎన్ని రేకుల ఇళ్లున్నాయో వార్డుల వారీగా రాసిపెట్టుకోవడం మొదటి అడుగు.